జంట తుమ్ము

శ్రీనివాసరాజు ఊరికి బయల్దేరుతున్నాడంటే ఆ ఇంట్లో అందరూ ముక్కులు దగ్గర పెట్టుకోవాల్సిందే. పొయ్యి మీద ఎండుమిరపకాయ వేగకూడదు, పెరట్లో కారం దంచకూడదు, జలుబున్న చుట్టం ఎవరైనా ఉంటే కాసేపు వెనక వసారాలోకి తప్పుకోవాలి. ఇదంతా వాళ్ళమ్మ సూర్యావతిగారి శాసనం. గడప దాటే వేళకి ఒంటి తుమ్ము వినబడిందా, ఎంత అర్జెంటు పనైనా సరే, బ్యాగు కింద పెట్టి, కుర్చీలో కూర్చుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, కాసేపాగి లేవాలి. అదే వెంటవెంటనే రెండు తుమ్ములైతే ఫరవాలేదు. జంట తుమ్ము జయమని ఆవిడ లెక్క.

అతను ఇంజనీరు. ఐస్ ఫ్యాక్టరీలకీ, రొయ్యలు గడ్డకట్టించే ప్లాంట్లకీ పెద్ద కంప్రెసర్లు అమ్మే కంపెనీలో పని. కొత్త మిషను ఎక్కడ బిగిస్తే అక్కడికెళ్ళి, దాన్ని మొదటిసారి నడిపి, గదులకి చలి పట్టించి అప్పజెప్పి రావాలి. పాత మిషను ఎక్కడ మొరాయిస్తే అక్కడికి పరిగెత్తాలి. కాలికి బలపం కట్టుకున్నట్టు వెరావల్, మంగుళూరు, తూత్తుకుడి, పారాదీప్, సముద్రమున్న ఊరల్లా తిరిగాడు. తిరగడమే గానీ చూసిందేముంది? ఎక్కడికెళ్ళినా అదే అమ్మోనియా ఘాటు, అదే నీచు వాసన, లాడ్జి గదిలో అదే చిన్న సబ్బుముక్క. మొగల్తూరులో తన ఇంటి నుంచి ఆటో ఎక్కితే చేరిపోయే పేరుపాలెం సముద్రానికి మాత్రం, కూతుర్ని తీసుకెళ్ళి ఒక్కసారి ఆ అలల్లో నిలబెట్టడం కుదరలేదు. ఈ ట్రిప్పు కానీ, ఈ ట్రిప్పు కానీ అనుకుంటూనే పిల్లకి నాలుగేళ్ళొచ్చాయి.

ఆ పిల్లకి బారసాలనాడు పెట్టిన పేరు పెద్దది. ఇంట్లో అందరి నోటా మిగిలింది మాత్రం చిన్నమ్మాయి. ఆమధ్య ఒకసారి అతను బయల్దేరుతుంటే నిజంగానే తుమ్మింది. సూర్యావతిగారు గడపకి అడ్డం నిలబడి కొడుకుని ఆపేశారు. అతను కూర్చుని, పిల్లని ఒళ్ళో వేసుకుని, నీళ్ళు తను సగం తాగి దానికి సగం తాగించాడు. చెవిలో రైలు కూత కూశాడు. బుల్లి వేళ్ళకి మెటికలు విరిచాడు. అదంతా దాని బుర్రలో ఎలా కూర్చుందో గానీ బాగా కూర్చుంది. తుమ్మితే నాన్న ఆగుతాడు.

అప్పట్నుంచీ ప్రతి ప్రయాణానికీ ఒక తుమ్ము. అతను వంగి బూట్ల తాళ్ళు ముడేసే వేళకి తలుపు చాటు నుంచి “హాచ్” మని వినబడేది. తడీ గిడీ లేని తుమ్ము.

“దొంగ తుమ్మమ్మా అది” అనేవాడు అతను నవ్వుతూ.

“దొంగదో దొరదో, చెవిన పడ్డాక పడ్డట్టే. కూర్చో” అనేవారు సూర్యావతిగారు. కొడుకుని కూర్చోబెట్టి మనవరాలి వెంట పడేవారు. “ఇంకోటి తుమ్మవే, మా తల్లి కదూ! జంట చేసెయ్. నాన్నకి బస్సు పోతుంది.”

చిన్నమ్మాయి పెదాలు బిగించి, ముక్కుని రెండు వేళ్ళతో గట్టిగా పట్టుకుని, తల అడ్డంగా ఊపేది.

“చూశావా మొండిఘటం! అన్నీ నీ పోలికలే” అని ఆవిడ కొడుకుని దెప్పేవారు.

“ముందు దానికి నిజంగా జలుబేమో చూడనివ్వండి అత్తయ్యగారూ” అని వంటింట్లోంచి కోడలు నాగశ్రీ పరిగెత్తుకొచ్చేది.

పిల్ల విషయంలో నాగశ్రీ ఎప్పుడూ అంతే. వచ్చేటప్పుడోసారి, పోయేటప్పుడోసారి దాని మెడ కింద చెయ్యి పెట్టి చూసేది. అన్నం ఎందుకు వద్దంది, ఇంతసేపు ఎందుకు పడుకుంది, అడుగులో తేడా ఉందేంటి. “నీ చేతికి రోజూ కాలుతూనే ఉంటుందిలే పిల్ల ఒళ్ళు” అని శ్రీనివాసరాజు ఏడిపించేవాడు. ఆమె కూడా ఉక్రోషంగా నవ్వేసేది. పగలూ రాత్రీ పక్కనుండి చూసే మనిషికి తెలిసేవి, నెలకోసారి వచ్చి చూసేవాడికి చాదస్తంలాగే ఉంటాయి మరి.

ఆ ఏడు కార్తీకమాసంలో ముసురు పట్టింది. గుడ్డలు ఆరవు, గోడలు చెమర్చాయి, పిల్లలున్న ఇళ్ళల్లో అన్నీ ముక్కుల చప్పుళ్ళే. అలాంటి రోజున శ్రీనివాసరాజుకి వెరావల్ వెళ్ళమని ఫోనొచ్చింది. గుజరాత్‌లో ఆ చివర. నర్సాపురంలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో మారి, రెండు రాత్రులు కూర్చుంటే గానీ రాదు.

రిక్షా వాకిట్లో ఆగింది. రిక్షా పోతురాజు తలకి ప్లాస్టిక్ సంచి కట్టుకుని, “ఆయ్, బాబుగారండీ, బస్సు వచ్చే వేళయిందండీ” అని కేకేశాడు.

“ఏమండీ, ఒక్కసారి ఇటు చూడండి” అంది నాగశ్రీ, పిల్లని ఎత్తుకొచ్చి. “తెల్లారగట్ల నుంచీ మూలుగుతోంది. మెడ కింద వెచ్చగా ఉంది.”

అతను అప్పుడే మొహం కడుక్కుని వచ్చాడు. పిల్ల నుదుటి మీద చెయ్యి వేశాడు. “నా చెయ్యి చల్లగా ఉంది నాగా. చల్లటి చేత్తో పట్టుకుంటే ఏదైనా వెచ్చగానే ఉంటుంది” అన్నాడు. అతను చదివిన చదువు అలాంటిది. చలీ వేడీ గురించి ఏదడిగినా ఠక్కున జవాబు చెప్పేవాడు.

పిల్లని భుజాన వేసుకుని ముద్దు పెట్టి దింపాడు. బూట్లు వేసుకున్నాడు. తాళ్ళు ముడేస్తూ, ఎప్పటి తుమ్ము కోసం చెవి రిక్కించాడు కూడా.

“హాచ్.”

“వచ్చింది మా మేనేజరుగారి ఆర్డరు” అని నవ్వి, సూర్యావతిగారు చెప్పకముందే కుర్చీలో సగం వాలాడు.

“హాచ్” అంది చిన్నమ్మాయి మళ్ళీ.

సూర్యావతిగారి మొహం చేటంత అయ్యింది. “జంట! ఇవాళ తనంతట తనే జంట చేసింది, చూశారా! లే శ్రీనూ, లే. ఇంత మంచి శకునం మళ్ళీ రాదు. దివ్యంగా వెళ్ళిరా.”

చిన్నమ్మాయి బిత్తరపోయింది. నాన్న కూర్చోబోయి లేచిపోతున్నాడు. మామ్మ వంకా నాన్న వంకా చూసి, “ఇది కాదు మామ్మా! రెండోది నేను తుమ్మలేదు. అదే వచ్చేసింది” అని ఏడుపు లంకించుకుంది.

ఎంత నవ్వుకున్నారో అందరూ! నాగశ్రీ కూడా నవ్వింది. “తుమ్ముకి కూడా సాకులు చెబుతోందే, ఎలా బతుకుతావే నువ్వు” అని సూర్యావతిగారు బుగ్గ గిల్లారు. అతను బ్యాగు తీసుకుని రిక్షా ఎక్కాడు. వీధి మలుపు తిరిగేలోపు ఇంట్లోంచి ఇంకో తుమ్ము వినబడింది.

పోతురాజు బ్రేకు పట్టాడు. “పాపగారు తుమ్మారండీ. ఆపమంటారా?”

“ఆపకు. అది దొంగ తుమ్ము. పోనీ” అన్నాడు శ్రీనివాసరాజు.

రైల్లో భోజనం చేశాక చొక్కా మార్చుకుందామని విప్పాడు. భుజం మీద ఏదో ఎండి అట్టకట్టి ఉంది. గోటితో గీరబోయి ఆగాడు. పిల్ల మొహం ఆనించిన చోటు. చీమిడి.

దొంగ తుమ్ముకి చీమిడెందుకొస్తుంది?

చొక్కా ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. “నేను తుమ్మలేదు. అదే వచ్చేసింది.” ఎంత చక్కగా చెప్పింది పిల్ల! కంప్రెసర్ దగ్గర ఆపరేటరు “నేనేం ముట్టుకోలేదు సార్, చప్పుడు దానంతటదే వచ్చింది” అంటే అతను వెంటనే మిషను ఆపించేవాడు. ఎంత వెతికినా తప్పు కనబడకపోతే ఇంకా భయపడేవాడు. నాలుగేళ్ళ పిల్ల అదే మాట చెబితే అందరితో పాటు తనూ నవ్వాడు.

మామూలు పడిశమే అయ్యుంటుందిలే అనుకున్నాడు. అనుకుని కిటికీలోంచి చూశాడు. ఈ చెట్లు, ఈ గుట్టలు, ఈ ప్లాట్‌ఫారాల మీద బెంచీలు అతనికి తన ఇంటి గోడల కంటే బాగా తెలుసు. ఏ స్టేషన్లో ఇడ్లీ మంచిదో తెలుసు. తన ఇంట్లో పిల్ల మందుసీసా ఏ అలమరాలో ఉంటుందో తెలీదు. పిల్ల మొదటి పన్ను అతనికి తూత్తుకుడిలో వచ్చింది. మొదటి అడుగు పారాదీప్‌లో పడింది. అన్నీ ఫోన్లో విన్నవే. ఆనందంతో అరుస్తూ నాగశ్రీ చెబితే, వెనకాల ప్లాంటు రొదలో ఒక చెవి మూసుకుని, “ఆఁ? ఏంటీ? నడిచిందా?” అని తను కూడా అరిచాడు. పక్కనున్న వాళ్ళకి లడ్డూలు పంచాడు. ఆ లడ్డూలు తిన్నవాళ్ళెవరో ఇప్పుడు మొహాలు కూడా గుర్తులేవు.

మానేద్దామని ఎన్నిసార్లనుకున్నాడో. నేర్చుకున్నది ఈ పనొక్కటే. ఈ పనికి ఇల్లు దగ్గరుండదు. చలి కావలసిన చోటల్లా పిలుస్తుంది.

సికింద్రాబాద్‌లో దిగగానే ఫోన్ బూతుకి పరిగెత్తాడు. లైను కలవలేదు. ముసురు పడితే వాళ్ళ ఊళ్ళో ఫోన్లు పడుకుంటాయి, అది కొత్తేమీ కాదు. బూతులో కుర్రాడు “ఇంకోసారి ట్రై చేయండి” అన్నాడు. చేశాడు. ఇంకోసారి చేశాడు. రైలు కూసింది. వెళ్ళి ఎక్కాడు. ఎక్కకుండా వెనక్కి వెళ్ళాల్సింది అని తరవాత ఎన్నోసార్లు అనుకున్నాడు. కానీ అప్పుడు ఏమని వెళ్ళాలి? పిల్ల రెండుసార్లు తుమ్మిందనా?

వెరావల్‌లో దిగిన సాయంత్రం లైను కలిసింది.

“ఏమండీ.” నాగశ్రీ గొంతు వినగానే అతను రిసీవరు చెవికి అదిమి పట్టుకున్నాడు. “డొక్కలెగరేస్తోందండీ.”

“ఎప్పట్నుంచి?”

“మొన్నటి నుంచే. ఆర్.ఎం.పి. గారు వచ్చి సూది వేశారు. తగ్గుతుందన్నారు. తగ్గలేదు. పాలు కూడా మింగట్లేదు. మీకు చేద్దామంటే మీరు రైల్లో ఉన్నారు. ఎక్కడికి చెయ్యను?”

“ఫోను దాని వీపుకి ఆనించు” అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలీదు. అలవాటు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన మిషను ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ వాల్వు ఏ మూల నలుగుతోందో చెప్పడం అతని పని.

కాస్త గుడ్డల అలికిడి. తరవాత వినబడింది. గర్‌మని లాగుతోంది, ఆగుతోంది, చివర పిల్లి కూతలా సన్నగా ఈల. మళ్ళీ లాగుతోంది. చాలా వేగంగా. దేశం ఈ చివర బూతు అద్దాల గదిలో నిలబడి, ఆ చివరనున్న తన పిల్ల ఊపిరిని అతను విన్నాడు. మిషనైతే వెంటనే స్విచ్ ఆపి విప్పేసేవాడు.

“ఇప్పుడే నర్సాపురం తీసుకెళ్ళు. పోతురాజుని ఆటో పిలవమను. ఇప్పుడే నాగా.”

“అత్తయ్యగారు ఒకటే ఏడుస్తున్నారండీ. జంట తుమ్మని మురిశాను అని...”

“అవన్నీ తరవాత. ముందు వెళ్ళు.”

“మీరొస్తారా?”

ఆ ప్రశ్నకి అతను, “వస్తాను” అన్నాడు. ఎప్పుడని ఆమె అడగలేదు. ఫోను పెట్టేసింది.

ఆఫీసుకి ఫోన్ చేశాడు. అవతల పెద్దాయన మంచివాడే. అంతా విని, “నిన్ను ఉండమని నేనెలా అంటాను రాజూ? కానీ పాత మిషను మొరాయించింది, అమ్మోనియా లైన్లన్నీ తెరిచి ఉన్నాయి. అక్కడ నీకు తప్ప ఎవరికీ తెలీదు. రేపు ఏదన్నా లీకైతే లోపలున్న ఆడవాళ్ళంతా...” అని ఆగాడు. “నువ్వే చెప్పు” అన్నాడు.

పెద్దాయన అబద్ధమాడలేదు. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు ఆ గోడ పక్కనే వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళలో కొందరు పిల్లల్ని కూడా తెచ్చుకున్నారు. పైగా ఆ ఊరి నుంచి రైలు మర్నాడు గానీ లేదు. అదెక్కినా మళ్ళీ రెండు రాత్రులు. ఉన్నా ఇక్కడే, బయల్దేరినా రైల్లోనే. ఎటు చూసినా పిల్ల దగ్గర మాత్రం లేడు.

పనిలోకి దిగాడు. మిషను ఒంటికి స్క్రూడ్రైవరు ఆనించి చెవి పెడితే గర్‌మని, చివర ఈల. చెయ్యి వెనక్కి లాగేశాడు. “ఏమైంది సాబ్?” అన్నాడు ఆపరేటరు. “ఏం లేదు” అన్నాడు. మళ్ళీ ఆనించాడు. వాల్వు విప్పాడు, మార్చాడు, బిగించాడు. చేతులు వాటంతటవే పని చేసుకుపోయాయి. అంత బాగా పని చేసినందుకు ఆ చేతుల మీద అతనికి అసహ్యం వేసింది.

మర్నాడు ఉదయం ఇంటికి ఫోన్ చేస్తే మోగింది. మోగుతూనే ఉంది. ఎవరూ తీయలేదు. మధ్యాహ్నం చేశాడు. మోగింది. హాల్లో కిటికీ పక్కన, స్టూలు మీద, నాగశ్రీ కుట్టిన పూల గుడ్డ కప్పుకుని ఆ ఫోను ఎలా మోగుతుందో అతనికి తెలుసు. ఆ మోతకి పరిగెత్తుకొచ్చి “నాన్నా” అని ముందు ఎత్తేది ఎవరో తెలుసు. బూతు బయట జనం ఎదురుచూస్తున్నారు. అతను చాలాసేపు ఖాళీ ఇంట్లో మోగుతున్న తన ఫోనుని వింటూ నిలబడ్డాడు. పెట్టేస్తే అదీ ఉండదు.

సాయంత్రం సూర్యావతిగారు ఎత్తారు. బట్టలకోసం వచ్చారట. “నెమ్ము చేసిందట రా శ్రీనూ. మొహానికి గాలి మిషను పెట్టారు. ఇంకొక్క పూట ఆలస్యమైతే మన చేతుల్లో ఉండేది కాదన్నారు డాక్టరుగారు” అని, ఇక చెప్పలేక వెక్కి వెక్కి ఏడ్చారు. “ఇప్పుడు కళ్ళు తెరిచి చూస్తోందిలే. నీ గురించి అడగలేదు. ఏమీ అడగట్లేదు.”

లైన్లన్నీ మూసి, గదులు చలి పట్టాక అతను రైలెక్కాడు. ఇంటికొచ్చేసరికి పిల్ల మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. చెవులు కప్పే ఉన్ని టోపీ పెట్టారు. ముంజేతి మీద సూదులు గుచ్చిన చోట నీలంగా కమిలింది. అతన్ని చూసి నవ్వింది, మర్యాదకి నవ్వినట్టు. నాగశ్రీ ఒక్క మాట అనలేదు. అన్నం పెట్టింది, నీళ్ళు తోడింది. అంటే బావుణ్ణనుకున్నాడు. అన్నం కలుపుతూ, “నువ్వు చెప్పావు కదా” అన్నాడు తనే.

“ఎప్పుడూ చెబుతాను కదండీ” అంది నాగశ్రీ. “ఏది నిజమో నాకు మాత్రం ఏం తెలుసు?”

పిల్లకి ఒళ్ళు నెమ్మదించాక పేరుపాలెం తీసుకెళ్దామనుకున్నారు. చలిగాలి తగలకూడదన్నారు డాక్టరుగారు. ఈలోపు తూత్తుకుడి నుంచి పిలుపొచ్చింది.

ఆ ఉదయం పోతురాజు వాకిట్లో గంట కొట్టకుండా నిలబడ్డాడు. సూర్యావతిగారు శకునాల ఊసే ఎత్తట్లేదు ఈమధ్య. దేవుడి గదిలోంచి బయటికి రాలేదు. శ్రీనివాసరాజు వంగి బూట్ల తాళ్ళు ముడేశాడు. విప్పి మళ్ళీ ముడేశాడు. చెవులు రెండూ తలుపు వైపే ఉన్నాయి. చిన్నమ్మాయి అక్కడే నిలబడి ఉంది, రెండు చేతులతో ముక్కూ నోరూ మూసుకుని. తుమ్మదు. పొరపాటున కూడా తుమ్మదు.

అతను లేచాడు. బ్యాగు ఎత్తాడు. గడప దగ్గర కాలు ఆగింది. ఒక్కసారి గట్టిగా, “హాచ్” అన్నాడు.

అందరూ అతని వంక చూశారు. కూర్చోమని ఎవరూ అనలేదు. అతనే బ్యాగు దించి కుర్చీలో కూర్చున్నాడు. నాగశ్రీ గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. “రా అమ్మా” అని చేతులు చాపితే చిన్నమ్మాయి వచ్చి ఒళ్ళోకెక్కింది. సగం నీళ్ళు ఇస్తే వద్దంది. వాళ్ళమ్మ లాగే చెయ్యి తిప్పి, వేళ్ళ వెనక వైపు అతని మెడ కింద పెట్టి చూసింది. దాని మొహం నిండా భయం.

“ఇంకోటి తుమ్ము నాన్నా.”

“ఎందుకమ్మా? ఒక్కటైతే నేను కాసేపు కూర్చోవచ్చుగా?”

“వద్దు. నేను రెండు తుమ్మి, మళ్ళీ మూడోది తుమ్మేశాను కదా, అందుకే సూదులు వేశారు. జంట చేసెయ్ నాన్నా. నీకు ఏం కాదు.”

అతను నాగశ్రీ వంక చూశాడు. ఆమె వాకిట్లో రిక్షా వంక చూస్తోంది. చిన్నమ్మాయి రెండు అరచేతులతో అతని బుగ్గలు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ముక్కు వంకే చూస్తూ కూర్చుంది.

అతను రెండోసారి తుమ్మాడు.

పిల్ల హమ్మయ్య అనుకుని ఒళ్ళోంచి జారింది. తన బరువంతా వేసి, రెండు చేతులతో బ్యాగుని గడప దాకా ఈడ్చుకొచ్చి, అతని చేతికి అందించింది.